మన్రో పట్టా నుంచి రైతు భరోసా దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. 1800లో నిజాం పత్తికొండ ఉన్న ఈ సీమను ఈస్టిండియా కుంఫిణీకి అప్పగించాక ఏడేళ్లు దత్తమండలాల కలెక్టరుగా చేసి, ఆదోని పల్లెల నుంచి కడప దాకా భూమి కొలిపించిన మనిషి ఆయన. అదే పత్తికొండలో 2023 జూన్ 1న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 52 లక్షల మందికి పైగా రైతులకు రైతు భరోసా పెట్టుబడి సాయం విడుదల చేశారు. ఈ రెండింటినీ కలిపే కాగితం ఒకటి ఉంది. అదే పట్టా.

మన్రో పాలెగాళ్లను అణచి, పొలం పొలానికీ శిస్తు కట్టి, రైతు పేర పట్టా ఇచ్చి, అతనితో సర్కారు నేరుగా లెక్క చూసుకునే రైత్వారీని ఇక్కడ పాదుకొల్పాడు. ఆ శిస్తు చాలా బరువని ఆయనకూ తెలుసు. నాలుగో వంతు తగ్గించాలని 1807లోనే రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో తానే గవర్నరయ్యాక గానీ తగ్గింపు అమలు కాలేదు. నా దృష్టిలో ఈ నేల రైతుకు దొరికిన మొదటి పెద్ద సాయం అదే. సర్కారు చేతికిచ్చింది ఏమీ లేదు, గుంజుకునేది కాస్త తగ్గించిందంతే.

చేతికిచ్చిన సొమ్ము పేరు తకావి. విత్తనాలకు, ఎద్దులకు, బావి తవ్వకానికి ఇచ్చేవారు. అయితే అది అప్పే, తిరిగి కట్టాల్సిందే. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరపు కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు అల్లాడిపోయాయి. కరువు చూడటానికి సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులకిచ్చే కూలిలో గింజల లెక్క రోజుకు ఒక పౌను చాలన్నాడు. ఆ లెక్క తలచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది. ఆ చావుల తర్వాతే కరువు కమిషన్ వచ్చింది, దాని వెనకే 1883, 1884లో తకావి చట్టాలు వచ్చాయి. బావి తవ్వుకోవడానికి అప్పు కావాలంటే భూమి హామీగా చూపాలి. భూమి లేనివాడికి ఆ తలుపు తెరుచుకోలేదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి ఆంధ్రలో కలిశాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు కొన్ని ఊళ్లకు అందాయి. మిగతా నేల వానను నమ్ముకుని పత్తి, వేరుసెనగ వేస్తూనే ఉంది.

తకావిలా కాదు, ఇప్పుడిచ్చే సొమ్ము తిరిగి కట్టనక్కర్లేదు. 2019 నుంచి కేంద్రం ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వేస్తోంది. దానికి రాష్ట్రం 7,500 కలిపి రైతు భరోసాను 13,500 చేసింది. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ కేంద్రం వాటాతో కలిపి 20,000 అంటోంది. మొత్తం పెరిగింది సరే, దారి మాత్రం మారలేదు. 1-బి అనే భూ యాజమాన్య రికార్డు చూస్తారు, పాస్‌బుక్ చూస్తారు, ఆధార్‌తో కలుపుతారు. పట్టాదారు ఏ నగరంలో ఉన్నా డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది. గుత్తకు తీసుకుని ఎరువులు కొని, పత్తి అమ్మడానికి ఆదోని యార్డులో రాత్రంతా కాచుకునే కౌలు రైతు మాత్రం ఈ సాయానికి పంట సాగుదారు హక్కు కార్డు తెచ్చుకోవాలి. 2019 కౌలు చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని యజమాని భయం. భరోసా కింద కూడా భూమి లేని కౌలుదార్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే చోటిచ్చారు.

వానలు మొండికేసిన ఏడాది కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెలు సుగ్గికి, అంటే కూలి వలసకు కదులుతాయి. పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. అలా పోయేవాళ్లలో కౌలు చేసి నష్టపోయినవాళ్లు ఎందరో. సాగు చేసేదెవరో సర్కారుకు తెలియక కాదు. గ్రామ సాగు రికార్డైన అడంగల్‌లో అనుభవదారు గడి ఉంది, ఈ-క్రాప్ నమోదులో పొలానికెళ్లి పంట వేసినవారి పేరు రాసుకుంటున్నారు. పెట్టుబడి సాయం కూడా ఆ పేరు చూసే ఇవ్వాలి. యజమాని సంతకం అనే షరతు తీసేయాలి.