వీసాకు పేరిచ్చిన పల్లెటూరు

సోదరులారా, రాత్రి భోజనాలయ్యాక క్యాంపులో సాగే కబుర్లలో 'షెంగెన్ వీసా' మాట తరచూ వినిపిస్తుంటుంది. అది దొరికితే యూరప్ అంతా తిరగవచ్చని ఒకరంటే, ఏజెంటు ఇప్పిస్తానన్నాడని ఇంకొకరంటారు. ఆఫీసులో కాగితాలతో పనిచేసే మేము కూడా షెంగెన్ అంటే ఏదో పెద్ద సంస్థ పేరనుకున్నాం. తీరా చదివితే అదొక చిన్న పల్లెటూరని తెలిసింది!

లక్సెంబర్గ్ దేశంలో, మోసెల్ నది ఒడ్డున ఉందీ ఊరు. జనాభా కొన్ని వందలు. చుట్టూ ద్రాక్షతోటలు. నదికి అవతలి గట్టున జర్మనీలోని పెర్ల్, ఆ పక్కనే ఫ్రాన్సులోని అపాక్. మూడు దేశాలు కలిసే చోటన్నమాట. ఇక్కడి నదికి నడిమి గీత కూడా లేదు. 1816 నాటి ఒప్పందం ప్రకారం ఆ నీళ్ళు లక్సెంబర్గ్, జర్మనీలకు ఉమ్మడి. గట్టు తగాదాలు చూసి పెరిగిన మనకు ఇది వింతే.

ఈ ఊరు చరిత్రకెక్కడం వెనుక కష్టజీవుల కోపం ఉంది. సరిహద్దు తనిఖీల దగ్గర గంటల తరబడి ఆగలేక 1984లో లారీ డ్రైవర్లు రోడ్లు దిగ్బంధం చేశారు. ఆ ఏడాది జూలైలోనే ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ తనిఖీలు తగ్గించుకుంటూ ఒప్పందం చేసుకున్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ వాటితో కలిశాయి. 1985 జూన్ 14న షెంగెన్ దగ్గర నదిలో 'ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్' అనే ఓడ మీద ఐదు దేశాల ప్రతినిధులు సంతకాలు చేశారు. ప్రధానమంత్రులెవరూ రాలేదు. 1995 మార్చి 26న ఏడు దేశాల మధ్య తనిఖీలు ఎత్తేశారు. 2025లో రుమేనియా, బల్గేరియా పూర్తిగా చేరడంతో ఆ లెక్క 29కి చేరింది.

ఇప్పుడు 2 లక్షల మందికి పైగా కార్మికులు, ఉద్యోగులు పొరుగు దేశాల నుంచి లక్సెంబర్గ్‌కు పనికొచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. పరాయి దేశంలో డ్యూటీ, సొంతింట్లో అన్నం! రెండేళ్ళకోసారి సెలవు కోసం ఎదురుచూసే మనకు ఆ మాట చదివితే గుండె కలుక్కుమంది.

అయితే లోపలి తలుపులు తెరిచినవాళ్ళు బయటి గేటు మాత్రం గట్టిగానే వేసుకున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు లోపలి తలుపులూ కొన్నాళ్ళు మూతపడ్డాయి.

చివరగా ఒక్క మాట. షెంగెన్ టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. దాంతో పని చేసుకునే హక్కు రాదు. ఆ వీసాతో ఉద్యోగం ఖాయమని ఏజెంటు అంటే, డబ్బు కట్టేముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. పక్క బెడ్డు తమ్ముడికీ చెప్పండి.