తంగేడు చెక్క - లంద శాస్త్రం

నల్లగొండ, పాలమూరు ఎర్ర చెల్కల్లో ఎవరూ నాటకుండానే మొలిచే చెట్టు తంగేడు. బతుకమ్మలో దాని పువ్వుకు పెద్దపీట. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అది రాష్ట్ర పుష్పం కూడా అయింది. పువ్వు సంగతి అందరికీ ఎరుకే. మరి చెక్క సంగతి? మా ఇంట్ల కాలేజి గడప తొక్కిన మొదటోణ్ణి నేను. అక్కడ చదివిన వృక్షశాస్త్రం పుస్తకంలో 'బెరడులో టానిన్ ఉండును, తోలు పరిశ్రమలో వాడుదురు' అని ఒకటే వాక్యం. వాడింది ఎవరు? ఆ గుణాన్ని పట్టింది ఎవరు? ఆ వాక్యంలో మనుషులు లేరు.

ఆ మనుషులు మాదిగలు. వాళ్ల ప్రయోగశాల లంద. పచ్చి తోలును కడిగి సున్నం నీళ్లల్ల నానబెడతరు. సున్నం ఎక్కువైతే తోలు చెడుతది, తక్కువైతే వెంట్రుక ఊడదు. వెంట్రుక గీకి, సున్నం వదిలించి, దంచిన తంగేడు చెక్క నీళ్లల్ల వేస్తరు. తోలును సంచి లెక్క కుట్టి, లోపల చెక్క, నీళ్లు నింపి వేలాడదీస్తరు. చివరికి కరక్కాయ. రసాయనశాస్త్రం భాషలో చెప్పాలంటే, చెక్కలోని టానిన్ తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తును పట్టుకొని, అది కుళ్లకుండా ఆపుతుంది. కొలత గాజు గొట్టంలో లేదు. చేతిలో, ముక్కులో, కంటిలో ఉంది. తరతరాలుగా తప్పొప్పులు చూసి నిలబెట్టుకున్న ఈ పద్ధతిని ప్రయోగం అనకపోతే ఇంక దేన్ని ప్రయోగం అంటాం?

లండన్‌లో ఇదే పని చేసిన హంఫ్రీ డేవీకి ఏం దక్కిందో చూడండి. 1801లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆయనకు తోలు శుద్ధి మీద పరిశోధన అప్పజెప్పింది. బొంబాయి, బెంగాల్ నుంచి పోయిన కాచును కూడా ఆయన పరీక్షించాడు. 1803లో పరిశోధనా పత్రం వెలువడింది. 1805లో ఆయనకు కాప్లీ పతకం ఇచ్చారు. అక్కడ తోలు ముట్టినవాడు శాస్త్రవేత్త. ఇక్కడ తోలు ముట్టినవాడు అంటరానివాడు.

ఈ విద్య ఊరికి అక్కర లేనిదా అంటే అదీ కాదు. ఈ మెట్ట ప్రాంతంలో బాయి నీళ్లు పైకి రావాలంటే మోట కావాలె. మోటకు తోలు తొండెం కావాలె. అంటే దొర మడి పారింది మాదిగ తోలుతోనే. నిజాం కాలంలో ఆ తోలునూ చెప్పులనూ వెట్టికి, ఉత్తపుణ్యానికి ఇయ్యాల్సి వచ్చేది. 1946-51 సాయుధ పోరాటం ఎత్తిన ప్రశ్నల్లో ఈ వెట్టి ఒకటి.

క్రోమ్ పద్ధతికి అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో పేటెంటు పొందాడు. మద్రాసులో 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ దానితో ప్రయోగాలు మొదలుపెట్టాడు, అదీ బాయిల మోట తోళ్ల కోసమే. 1948లో మద్రాసులోనే కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. విద్య లంద నుంచి ల్యాబ్‌కు పోయింది. లందలో ఉన్నోళ్లు మాత్రం వాడలోనే ఉండిపోయారు. ఇక్కడ కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది, తొండెం పని కూడా పోయింది. అటు క్రోమ్ చేసిన చేటు తక్కువది కాదు. వెల్లూరు ప్రాంతంలో తోళ్ల కర్మాగారాలు పాలారు నీళ్లను పాడుచేసిన తీరుపై సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పాల్సి వచ్చింది.

ఇదంతా మళ్లీ లందల్లోకి దిగమని చెప్పడానికి కాదు. చచ్చిన గొడ్డు కూడు మానండని 1927లో మహాడ్‌లో అంబేద్కర్ అన్న మాట అప్పుడూ సరైందే, ఇప్పుడూ సరైందే. బలవంతపు చాకిరిని వదిలేయాలె. కానీ చాకిరిని వదిలేయడం వేరు, అందులోని జ్ఞానం మీద హక్కును వదులుకోవడం వేరు. మొదటిది విముక్తి. రెండోది మన చరిత్రను మన చేతులతోనే చెరిపేసుకోవడం. చెక్క ఎన్ని దినాలు నానాలో, రంగు ఎట్ల తిరిగితే తోలు పక్వానికి వచ్చినట్టో తెలిసిన ముసలోళ్లు ఇంకా కొన్ని వాడల్లో ఉన్నరు. వాళ్ల మాటను రాసుకోవాలె, కుల వృత్తి వర్ణనగా కాదు, ఈ నేల రసాయనశాస్త్ర చరిత్రలో మొదటి అధ్యాయంగా. వాళ్ల మనుమలు, మనుమరాండ్లు ల్యాబ్‌లోకి పోయేటప్పుడు కొత్తగా అడుగుపెట్టినోళ్ల లెక్క కాకుండా, వారసుల లెక్క పోవాలె.