మరబియ్యమూ మలబద్ధకమూ

పల్నాటి సీమలో జొన్నకూడే తప్ప సన్నబియ్యపు అన్నం దొరకదని శ్రీనాథ మహాకవి ఎగతాళి చేసినట్లు కొన్ని చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నవి. పదిహేనవ శతాబ్దినాటి ఆ కవికి జొన్నకూడు బీదరికపు గుర్తుగా తోచినది. నేటి పోషకాహార శాస్త్రజ్ఞుడు అదే కూటిని మరొక దృష్టితో చూస్తాడు. నమలటానికి శ్రమ కలిగించే ఆ ధాన్యంలోనే ప్రేగులను నడిపించే పదార్థం ఉన్నది. ప్రత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఆహారం మారిన కథకూ, మలబద్ధకమనే సామాన్య బాధ కథకూ దగ్గర సంబంధం ఉన్నది.

ప్రేగులు పనిచేసే తీరు

మనం తిన్న ఆహారం చిన్నప్రేగులో చాలావరకు జీర్ణమై రక్తంలో చేరుతుంది. మిగిలినది పలుచని ద్రవంగా పెద్దప్రేగును చేరుతుంది. అక్కడ నీరు పీల్చబడి, మలం గట్టిపడుతుంది. ప్రేగు గోడలోని కండరాలు వెనుక ముడుచుకొని, ముందు సడలుతూ లోపలి పదార్థాన్ని నెడతాయి. ఈ చలనపు నియమాన్ని 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు వివరించినారు. లోపలి పదార్థం ప్రేగు గోడను కొంత సాగదీసినప్పుడే ఈ చలనం చక్కగా పుడుతుంది. ఆ పదార్థం తక్కువైతే చలనం మందగిస్తుంది. చలనం మందగించినకొద్దీ నీరు మరింతగా పీల్చబడి మలం రాయివలె అవుతుంది.

ధాన్యపు పైపొర, ఆకుకూరలు, కాయల తొక్కలలో ఉండే పీచు మన జీర్ణరసాలకు లొంగదు. అది స్పంజివలె నీటిని పట్టి ఉంచుతుంది. అందులో కొంత భాగాన్ని పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి, ప్రేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారుచేస్తాయి.

పూర్వుల మందులు

మందులలో మృదువైనవి, తీక్ష్ణమైనవి అనే విభాగం మన దేశంలో చాలా ప్రాచీనమైనది. చరక సంహిత సుఖంగా విరేచనం కలిగించే వాటిలో తెగడను, మృదువైన వాటిలో రేలను, తీక్ష్ణమైన వాటిలో జెముడు పాలను శ్రేష్ఠంగా పేర్కొన్నది. ఆ గ్రంథంలోనే సహజ వేగాలను, అనగా మలమూత్రాదుల ప్రేరణను, ఆపుకొనరాదని చెప్పటానికి ఒక అధ్యాయం కేటాయించబడినది.

తెలుగు ఇండ్లలో ఎక్కువగా వాడినవి కరక్కాయ, ఆముదం. ఆముదం చిన్నప్రేగులో విడిపోయి రిసినోలెయిక్ ఆమ్లం పుడుతుంది. ఈ ఆమ్లం ప్రేగు కండరాలపైనున్న ఒక గ్రాహకాన్ని తాకి వాటిని ముడుచుకొనేటట్లు చేస్తుందని 2012లో శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూపినారు. పని చేస్తుంది గాని, కడుపునొప్పినీ కలిగిస్తుంది. గర్భిణులకూ, పసిపిల్లలకూ వైద్యుని సలహా లేక ఇవ్వదగినది కాదు. నేపాళపు గింజల మాట సరేసరి; అవి విషంతో సమానం.

పాశ్చాత్య దేశాలలో ఒక భ్రమ

పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపాలో ఒక సిద్ధాంతం బయలుదేరినది. ప్రేగులలో నిలిచిన మలం నుండి విషాలు రక్తంలోకి చేరి సమస్త రోగాలను పుట్టిస్తాయని దాని సారాంశం. లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఈ నమ్మకంతో పలువురి పెద్దప్రేగును కోసి తీసివేసినాడు. అమెరికా వైద్యుడు అల్వరెజ్ 1919లో దీనిని ఖండించినాడు. పురీషనాళంలో దూది వంటి జడపదార్థాన్ని కుక్కినా అదే తలనొప్పి, అదే మాంద్యం కలుగుతాయని ఆయన వాదించినాడు. దూదిలో విషమేమీ లేదు కదా! బాధకు కారణం ప్రేగు సాగటమేగాని విషం కాదన్నమాట.

ఈ భ్రమ తొలగినా విరేచన మాత్రల వ్యాపారం తగ్గలేదు. ప్రయోగశాలలో క్షారాలను గుర్తించటానికి విద్యార్థులు వాడే ఫినాఫ్తలీన్ కూడా చాలాకాలం విరేచనకారిగా అమ్ముడైనది. జంతువులలో అది క్యాన్సరును కలిగించవచ్చునని తేలిన తరువాత, 1990 దశకం చివర అమెరికాలో దానిని మందుగా వాడటం మానిపించినారు.

సర్కారు జిల్లాలు, కూనూరు పరిశోధనలు

ఇక మన ప్రాంతానికి వద్దాము. మరలు రాకముందు వడ్లను రోకళ్లతో దంచేవారు. దంపుడు బియ్యంపై తవుడు పొర కొంత నిలిచేది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో మరలు వ్యాపించి, తెల్లని బియ్యం గౌరవచిహ్నమైనది. తమిళ ప్రాంతంలో వడ్లను ఉడకబెట్టి ఆరబోసి మరపట్టే ఆచారం విరివిగా ఉన్నందున థయమిన్ అనే విటమిన్ గింజలోనికి ఇంకి కొంత దక్కేది. సర్కారు జిల్లాలలో పచ్చి బియ్యమే తినే అలవాటు. మరపట్టిన పచ్చి బియ్యం తిన్న ఈ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి వ్యాధికి నెలవైనవి.

ఆ వ్యాధిని పరిశీలించటానికి 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒకే గదిలో ఒక చిన్న పరిశోధనశాల ప్రారంభమైనది. దానిని నడిపిన రాబర్ట్ మెక్‌కారిసన్ విటమిన్లు కొరవడిన ఆహారాన్ని కోతులకు పెట్టి చూసినాడు. వాటి నరాలు దెబ్బతినటానికి ముందే ప్రేగులు చెడిపోయినవి. ప్రేగు గోడలు పలుచబడి, సాగి, వాచినవి. 1921లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆయన చేసిన ఉపన్యాసానికి విషయం ఇదే: లోపభూయిష్టమైన ఆహారానికీ, జీర్ణాశయ వ్యాధులకూ గల సంబంధం. ఆ ఒక్క గది పరిశోధనశాల పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

మెక్‌కారిసన్ దృష్టి విటమిన్లపై నిలిచినది. పీచు సంగతిని లోకం దృష్టికి తెచ్చినవారు ఆఫ్రికాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ మొదలైనవారు. 1972లో బర్కిట్, వాకర్, పెయింటర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, ముతక ధాన్యం తినే ఆఫ్రికా పల్లెవాసులలో ఆహారం ఇంచుమించు ఒకటిన్నర రోజులో శరీరాన్ని దాటిపోతుంది. తెల్లని రొట్టె తినే ఆంగ్లేయులలో అందుకు దాదాపు రెట్టింపు కాలం పట్టినది. పీచు లోపం వలన కలుగుతాయని బర్కిట్ చెప్పిన వ్యాధులలో కొన్నింటిపై వాదం ఇంకా తీరలేదు. మలబద్ధకం విషయంలో మాత్రం ఆయన మాట చాలావరకు నిలిచినది.

కాలువ వచ్చిన తరువాత

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు విడుదలైనది. కుడికాలువ క్రింద జొన్న, వరిగ పండిన నేలలలో వరి నిండినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత, మెట్టప్రాంతపు బీదల ఇండ్లలోనూ మరబియ్యమే ముఖ్యాహారమైనది. ఆకలి తీరటం చిన్న విషయం కాదు. అయినా దానితోపాటు పీచు తగ్గినది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మరబియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు, ముడి బియ్యంలో 4.4, జొన్నలలో 10.2, రాగులలో 11.2. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రోజుకు 300 గ్రాముల మరబియ్యం తినేవానికి అందులో 8 గ్రాములే లభిస్తుంది. అందులో సగం జొన్నలైతే 19 గ్రాములు దాటుతుంది. మిగిలినది పప్పు, గోంగూర, చిక్కుడు, జామపండు సులభంగా సమకూరుస్తాయి. అయితే జొన్నకూడు ఒక్కటే చాలునని భ్రమపడరాదు. జొన్నలే ముఖ్యాహారంగా గలవారిలో పెల్లాగ్రా వ్యాధి కనిపించిన సంగతిని 1960లో గోపాలన్, శ్రీకంటయ్యగార్లు వెల్లడించినారు. కలగలుపు ఆహారమే మేలు.

మిరపకాయ మలబద్ధకాన్ని కలిగించదు. కాని గట్టి మలం వలన చిరిగిన చోట కారం మంట పుట్టిస్తుంది. కాప్సైసిన్ అనే పదార్థం వేడిని గుర్తించే గ్రాహకాన్నే తాకుతుంది. 1997లో దానిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించినది.

ఆహారంతోపాటు నీరు కూడా ముఖ్యమే. ఎండలో మిరపకోతకు, ప్రత్తితీతకు వెళ్లే స్త్రీలకు చేలో మరుగుదొడ్డి ఉండదు. చాటు దొరకదని నీరు త్రాగటం తగ్గిస్తారు, వేగాన్ని ఆపుకొంటారు. చరకుడు వద్దన్నది ఇదే. వారికి ఎన్ని మాత్రలు ఇచ్చినా, చేల దగ్గర చాటూ నీరూ ఏర్పడనిదే ఈ బాధ పూర్తిగా తీరదు.

మృదువైన మార్గం

పీచును ఒక్కసారిగా కాక, రెండు మూడు వారాలలో క్రమంగా పెంచాలి. లేకున్న కడుపు ఉబ్బుతుంది. తగినంత నీరు, మజ్జిగ త్రాగాలి. ఉదయం ఆహారం తీసుకొన్న కొద్దిసేపటికి పెద్దప్రేగు సహజంగా కదులుతుంది కాబట్టి ఆ వేళకు తీరిక చేసుకొనవలెను. అవసరమైతే ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీటితో పుచ్చుకొనవచ్చు. మలంలో రక్తం, కారణం లేక బరువు తగ్గటం, వాంతులతో కడుపు బిగియటం, ఏబది ఏండ్లు దాటిన తరువాత కొత్తగా మలబద్ధకం మొదలుకావటం కనిపిస్తే ఇంటి మందులతో కాలం గడపరాదు, వైద్యుని చూడాలి.

కవి ఎగతాళి చేసిన ధాన్యాన్ని 2023లో ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంలో లోకమంతా కొనియాడినది. తిరిగి జొన్న ఒక్కదానిపైనే బ్రతకనక్కరలేదు. కాలువ ఇచ్చిన అన్నం ప్రక్కన మెట్ట ఇచ్చిన రొట్టెకు కూడా పళ్లెంలో చోటు కల్పిస్తే చాలును.