చుండూరు: పంచుకున్న దుఃఖం

కిసాగోతమి కథ బౌద్ధులకు కొత్తది కాదు. బిడ్డను పోగొట్టుకుని పిచ్చిదానిలా తిరుగుతున్న ఆ తల్లిని, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఆమె శ్రావస్తిలో గడపగడపా ఎక్కింది. చావు అందరిదీ అని తెలుసుకుంది. ఇందులో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆమె తట్టిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. ప్రతి ఇల్లూ తన చావు కబురు ఆమెతో చెప్పుకుంది. గురువు మాటతో పాటు ఊరి ఓదార్పు కూడా ఆమెను నిలబెట్టింది.

మరి తలుపులు మూసుకున్న ఊళ్లో ఆ తల్లి ఏమవుతుంది? ఆంధ్రదేశం ఈ ప్రశ్నను రెండుసార్లు చూసింది.

1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద భూస్వాములు దాడి చేశారు. ఆరుగురు చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరంలో రగిలిన పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. బాధితుల కోసం చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అవి బయటపడేదాకా తమవాడు ఉన్నాడో పోయాడో ఇంటివాళ్లకే తెలియదు. ప్రాణాలు దక్కినవాళ్లకు తెనాలిలోని సాల్వేషన్ ఆర్మీ ఆవరణ ఆశ్రయమైంది.

అప్పుడు బాధితులు ఒక నిర్ణయం తీసుకున్నారు. తమవాళ్లను ఊరికి దూరంగా కాక, ఊరి నడుమనే పాతిపెట్టారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు వచ్చింది. బతికినన్నాళ్లూ ఊరి చివర ఉంచినవాళ్లకు చనిపోయాక ఊరి మధ్య చోటు దక్కింది. ఏటా ఆగస్టు 6న జనం అక్కడ చేరుతారు. ఎనిమిది ఇళ్ల దుఃఖం అలా ఒక జాతి దుఃఖమైంది.

న్యాయం కోసం మాత్రం ఏళ్ల తరబడి కాచుకోవలసి వచ్చింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులని వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఇలాంటి ఇంటికి పోయి 'అంతా అనిత్యం' అని చెప్పి రావడం ధమ్మం కాదు. ముసలితనంతో, రోగంతో వచ్చే చావు వేరు, మనిషి చేతుల్లో వచ్చే చావు వేరు. మొదటిదాన్ని ఓర్చుకోవాలి, రెండోదాన్ని ఆపాలి. మనిషికీ మనిషికీ ఉండవలసిన సంబంధమే ధమ్మానికి కేంద్రమని బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో చెప్పింది ఇందుకే.

కాబట్టి ఓదార్పు అంటే మూడో రోజుతో ముగిసే పరామర్శ కాదు. శిబిరంలో గంజి కాయడం, సాక్షి వెంట కోర్టు దాకా నడవడం, పిల్లల చదువు ఆగకుండా చూడడం, ఏళ్లు గడిచినా ఆ తేదీని మరవకపోవడం, ఇవన్నీ ఓదార్పే. తలుపులు మూసుకున్న ఊళ్లో కిసాగోతమికి ముందుగా తెరుచుకోవలసింది మన తలుపు.