జూనీ మిల్లు, మన రాజ్యాంగము

ఉగాది నాడు పంచాంగము వినునప్పుడు మన పెద్దలు ముందుగా అడుగునది, ఈ యేటి రాజెవరు, మంత్రి యెవరు అని. రాజొకడు, మంత్రి యొకడు, సేనాధిపతి మరియొకడు. అన్ని పదవులును ఒక్క గ్రహమునకే కట్టబెట్టిన పంచాంగము మనమెరుగము. ఫ్రాన్సు దేశపు మాంటెస్క్యూ 1748లో వ్రాసినదియు ఇంచుమించు ఈ మాటే. శాసనము చేయువారు, అమలు జరుపువారు, తీర్పు చెప్పువారు వేరువేరుగా ఉండవలెననియు, మూడును ఒక్క చేతికి చిక్కినచోట ప్రజకు స్వేచ్ఛ ఉండదనియు ఆయన వాదము.

ఒక్క చేతి పాలన యెట్లుండునో మన షోలాపూరు 1930లో చూచినది. గాంధీగారి నిర్బంధముతో మే నెలలో ఇక్కడ అలజడి రేగగా, 12వ తేదీన మార్షల్ లా విధించి ఊరిని సైన్యము క్రింద పెట్టినారు. గాంధీ టోపీ, జాతీయ జెండా కూడ నేరములైనవి. ఆ అలజడిలో చనిపోయిన పోలీసుల హత్యానేరము మోపి మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడాలను 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీసినారు. చార్ పుతళా మీదుగా పోవునప్పుడు మన పిల్లలకు ఈ నాలుగు పేర్లైనను చెప్పుచున్నామా?

ఇరువది యేండ్లకు మన ఊరి పేరు మరల వినబడినది, ఈసారి ఢిల్లీలో సుప్రీంకోర్టునందు. 1949 ఆగస్టులో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, అనగా మన జూనీ మిల్లు, మూతపడినది. తెలంగాణము నుండి మగ్గము విడిచి వచ్చిన సంసారములకు మిల్లు భోంగా మ్రోగిననే పొయ్యి వెలుగును. కనుక మూతపడుట వారికి కాగితము మీది సంగతి కాదు. నిర్వహణలోని అవకతవకల వలన వస్త్రోత్పత్తి తగ్గినదనియు, జనులు పనిలేక ఉన్నారనియు చెప్పి 1950 జనవరి 9న గవర్నరు జనరలు ఆర్డినెన్సు చేసినారు. రాజ్యాంగము అమలునకు వచ్చుటకు అప్పటికింక 17 దినములున్నవి. ప్రభుత్వము తన డైరెక్టర్లను నియమించినది. ఏప్రిలులో పార్లమెంటు దానిని చట్టముగా మార్చినది. ఒక్క కంపెనీకి ఒక చట్టము!

ఇంగ్లండులో పార్లమెంటు చేసిన చట్టమును ఏ న్యాయమూర్తియు కొట్టివేయజాలడు. అమెరికాలో 1803 నుండియు కోర్టులకా అధికారమున్నది. మనవారు పార్లమెంటరీ పద్ధతిని అచటినుండి, ప్రాథమిక హక్కులకు కోర్టు కాపలాను ఇచటినుండి గ్రహించి కలిపినారు. ముసాయిదా సంఘములో మన నెల్లూరు జిల్లా వారగు అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు ఉండుట మనకు గర్వకారణమే. 32వ అధికరణము ప్రకారము హక్కు పోయినదను వాడు నేరుగా సుప్రీంకోర్టునే ఆశ్రయింపవచ్చును. చరణ్‌జిత్ లాల్ చౌధురీ అను వాటాదారు అట్లే వెళ్లినాడు. 1950 డిసెంబరు 4న ముగ్గురు న్యాయమూర్తులు చట్టము నిలుచునన్నారు. పతంజలి శాస్త్రి, ఎస్. ఆర్. దాస్ గారలు మాత్రము ఒక్క కంపెనీనే ఏరి పట్టుట సమానత్వమునకు విరుద్ధమన్నారు.

అంతటితో తీరలేదు. ప్రిఫరెన్స్ షేర్లపై ఇంకను రావలసిన సొమ్ము కట్టుడని ప్రభుత్వ డైరెక్టర్లు కోరగా, ద్వారకాదాస్ శ్రీనివాస్ అను వాటాదారు బొంబాయిలో దావా వేసి, ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లి గెలిచినాడు. ఆస్తి కంపెనీదని పేరు మాత్రము మిగిల్చి సర్వమును పరిహారము లేక తీసికొన్నారు గనుక ఆర్డినెన్సు, చట్టము రెండును చెల్లవని 1953 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. నాటి ప్రధాన న్యాయమూర్తి ఆ పతంజలి శాస్త్రిగారే.

కూలివాని అన్నము పెద్దదా, వాటాదారు ఆస్తి పెద్దదా? మా మనసు కూలివాని వైపే మొగ్గును. అయినను 1930లో ఈ ఊరిలో సైన్యాధికారిని అడుగువాడు లేడు. 1953లో ప్రభుత్వమునే నిలదీసి అడుగుటకు ఒక చోటున్నది. ఆ చోటు రేపు కూలివానికిని పనికివచ్చును గదా.

తీర్పు నచ్చని పార్లమెంటు న్యాయమూర్తులను తొలగింపలేదు. 1955లో రాజ్యాంగమునకు నాలుగవ సవరణ చేసి, ప్రజాహితము కొరకు పరిమిత కాలము ఏ ఆస్తి నిర్వహణనైనను ప్రభుత్వము చేపట్టవచ్చునని వ్రాసికొన్నది. 44వ సవరణ వలన 1979 జూన్ 20 నుండి ఆస్తిహక్కు ప్రాథమిక హక్కు కాకపోయినది. 300-ఎ అధికరణము క్రింద మామూలు హక్కుగా మిగిలినది. జూనీ మిల్లు తగవు వలన పుట్టిన 1955 నాటి ఆ వాక్యము మాత్రము 31-ఎ అధికరణములో నేటికిని ఉన్నది.