ధాత కరువులో తల్లిదండ్రులు, పిల్లలు: సహాయవిధానం, అనుమానం, మనోగాయం (1876–78)

వ్యాససంగ్రహం

1876–78 నాటి ధాత కరువును చరిత్రకారులు ఎక్కువగా వర్షాభావం, ధాన్యపు ధరలు, మరణాల సంఖ్య అన్న కోణాల్లో చర్చించారు. ఆ కరువులో కడుపేద కుటుంబాలకు అందిన సహాయం తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఉన్న బంధాన్ని ఎలా చూసిందన్నది అంతగా చర్చకు రాలేదు. ఆకలి వల్ల మనసు చెదిరిన తల్లిదండ్రులను నాటి పాలనాయంత్రాంగం అనుమానించిందని, ఆ అనుమానమే సహాయనియమాలను తీర్చిదిద్దిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధాత కరువు, దత్తమండలాలు, కరువుపనులు, టెంపుల్ కూలి, కార్నిష్, బుడ్డా వెంగళరెడ్డి, మనోగాయం.

1. ఒక ఛాయాచిత్రం, ఒక ప్రశ్న

మద్రాసు అశ్వికదళాధికారి విలబీ వాలెస్ హూపర్ ఆ కరువు రోజుల్లో తీసిన ఛాయాచిత్రాలు నేటికీ లభిస్తున్నాయి. కొన్నింటిలో పెద్దలూ పిల్లలూ గుంపుగా కూర్చొని ఉంటారు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. చావుకు దగ్గరైనవారిని వరుసగా కూర్చోబెట్టి చిత్రాలు తీసినందుకు హూపర్ ఆనాడే విమర్శకు గురయ్యాడు. ఆ చిత్రాల్లో ఒకదాన్ని తరగతిలో చూపినప్పుడు ఒక విద్యార్థిని, “ఆ తల్లి ఒళ్లో బిడ్డ వైపు చూడటం లేదేంటి సార్?” అని అడిగింది. కెమెరా వైపు చూడమని ఉంటారని చెప్పి ఆ పూటకు దాటవేశాను. ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. అదే ప్రశ్నను నాటి అధికారులు కూడా వేసుకున్నారని, దానికి వారు చెప్పుకున్న సమాధానం లక్షలాది కుటుంబాలను ప్రభావితం చేసిందని తరువాతి పఠనంలో తెలిసింది.

2. కరువు, దాని పేరు

1876లో రెండు ఋతుపవనాలూ విఫలమయ్యాయి. అది తెలుగు సంవత్సరాల వరుసలో ధాత. ఆ పేరే కరువుకు స్థిరపడింది. ధాత గడిచి, ఈశ్వర గడిచి, బహుధాన్య వచ్చేదాకా ఆకలి వీడలేదు. సంవత్సరనామాల్లోని ఈ వక్రోక్తి పల్లె జనానికి తోచకుండా ఉండదు. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు ఈ కరువు పాలబడ్డాయి. మృతుల సంఖ్య 55 లక్షల నుండి 82 లక్షల వరకు ఉంటుందని వేర్వేరు అంచనాలున్నాయి. తరువాతి కాలంలో రాయలసీమగా పేరు పొందిన దత్తమండలాలు దారుణంగా దెబ్బతిన్నాయి. కర్నూలు జిల్లా జనాభా 1871, 1881 జనగణనల మధ్య సుమారు నాలుగోవంతు తగ్గింది.

జనగణన పట్టికలు ఇంకొక విషయం కూడా చెబుతాయి. కరువు ఏండ్లలో జననాలు బాగా పడిపోయాయి, పుట్టినవారిలోనూ బతికినవారు తక్కువ. 1881 లెక్కల్లో ఆ వయసు పిల్లల వరుస సన్నగా కనిపిస్తుంది. ఆ ఖాళీ వెనక ఉన్న తల్లులు మాత్రం బతికి, మళ్లీ కూలికి వెళ్లి, మళ్లీ పిల్లలను కన్నారు. వారు ఏ మనసుతో కన్నారో, ఏ మనసుతో పెంచారో రాసిపెట్టినవారు లేరు.

3. కూలి లెక్క

సర్ రిచర్డ్ టెంపుల్ 1874 బీహారు కరువులో బర్మా నుండి బియ్యం తెప్పించి చాలామందిని బతికించాడు. అందుకు మెప్పు దక్కకపోగా, ఖర్చు మితిమీరిందన్న నింద వచ్చింది. 1877 జనవరిలో కరువు ప్రతినిధిగా దక్షిణానికి వచ్చేనాటికి ఆ పాఠం అతనికి బాగా వంటబట్టింది. కరువుపనుల్లో మగవానికి రోజుకు పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితోపాటు ఒక అణా చాలని నిర్ణయించాడు. స్త్రీకీ పనిచేసే పిల్లలకూ అంతకన్నా తక్కువ. చరిత్రలో ఇది ‘టెంపుల్ కూలి’గా నిలిచిపోయింది.

మద్రాసు పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న వైద్యుడు డబ్ల్యూ. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. మట్టి తవ్వే మనిషికి కనీసం 680 గ్రాముల ధాన్యం, దానితో కూరగాయలు, పప్పు ఉండాలన్నది అతని వాదం. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడే కొంత దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు ఇచ్చింది. ఇద్దరూ చెప్పిన మొత్తాలకు ఇది మధ్యస్థం. శాస్త్రం చెప్పినదాన్ని బేరంలో పెట్టి సగం దగ్గర ఆపడం మన పాలనాచరిత్రకు కొత్త కాదు.

ఈ వాదోపవాదాలన్నింటా లెక్క ఒక్కొక్క శరీరానిదే. ఇంటిలో వాస్తవం వేరు. పొద్దంతా ఎండలో గంపలు మోసిన తల్లి తన వాటా ధాన్యాన్ని ఇంటికి తెచ్చి, అందులోంచి బిడ్డకు పెట్టి, మిగిలింది తాను తింటుంది. చంకలో బిడ్డ ఉన్న మనిషి మోసే మట్టి తక్కువ, కొలత ప్రకారం వచ్చే కూలీ తక్కువే. పైగా ప్రభుత్వం మొగ్గుచూపిన పెద్ద పనులు ఇంటికి దూరంగా ఉండేవి. నిజంగా అవసరమున్నవాడే అంత దూరం నడిచివస్తాడన్నది దాని వెనకనున్న తర్కం. దానివల్ల ముసలివారు ఊళ్లో, నడవగలిగినవారు పని వద్ద, పిల్లలు ఎటూ కాకుండా మిగిలిపోయారు. ‘అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు’ అన్న సామెత ఈ నిబంధనకు అతికినట్లు సరిపోతుంది.

4. అనుమానం

ఆకలి ముదిరినప్పుడు తల్లిదండ్రులు పిల్లలను దారిలో విడిచిపోవడం, పిల్లలకిచ్చిన తిండిని తామే తినడం, బిడ్డ చనిపోయినా ఏడవకపోవడం కరువు వృత్తాంతాల్లో కనిపిస్తాయి. డేవిడ్ ఆర్నాల్డ్ 1984లో సబాల్టర్న్ స్టడీస్ మూడవ సంపుటంలో మద్రాసు కరువుపై రాసిన వ్యాసం రైతుల చైతన్యంలో కరువు స్థానాన్ని చర్చకు తెచ్చింది. ఈ ఘటనలను అధికారులు చదివిన తీరు ఆ చర్చకు కొనసాగింపు కాదగినది. వారిలో చాలామందికి ఇవి నైతికపతనానికి గుర్తులుగా తోచాయి. పేదవాడికి బిడ్డ మీద ప్రేమ పలుచన అన్న భావం ఆ మాటల అడుగున ఉంది. 1896–97, 1899–1900 కరువులనాటికి ఈ అనుమానం పద్ధతిగా మారింది. పిల్లల భత్యాన్ని నగదుగా పెద్దల చేతికిస్తే పిల్లల నోటికి చేరదని, పని స్థలాల్లోనే వంటశాలలు పెట్టి వండిన అన్నం నేరుగా పిల్లలకు తినిపించారు.

ఈ వంటశాలలను తేలికగా తీసిపారవేయలేం. అవి పిల్లల ప్రాణాలను కాపాడాయి. నా అభ్యంతరం వాటిపై కాదు, వాటికి చెప్పిన కారణంపై.

దీనికి ఆధారం 68 ఏండ్ల తరువాత, మరొక ఖండంలో దొరికింది. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పక నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అర్ధాకలితో గడిపారు. వారికి రోజుకు అందింది సుమారు 1,570 కేలరీలు. వారు ఉదాసీనులయ్యారు. చిరాకు పెరిగింది, నవ్వు పోయింది, తోటివారిపై ఆసక్తి పోయింది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. తిరిగి కడుపునిండా పెట్టిన తరువాత కూడా కొందరి మనసు వెంటనే కుదుటపడలేదు. టెంపుల్ కూలితో వచ్చే శక్తి సుమారు 1,600 కేలరీలని మైక్ డేవిస్ తన 2001 నాటి గ్రంథంలో లెక్కకట్టాడు. అంటే విశ్వవిద్యాలయపు వసతుల్లో, వైద్యుల పర్యవేక్షణలో, తిరిగి తిండి దొరుకుతుందన్న భరోసాతో ఉన్న యువకులను మార్చివేసిన ఆహారం, దత్తమండలాల కూలీలకు రోజంతా మట్టిపని చేసినందుకు దక్కిన ఆహారం దాదాపు ఒకటే. ఆ యువకులకు ఒళ్లో బిడ్డలు లేరు.

ఈ పోలికకు హద్దులున్నాయి. ప్రయోగంలో ఉన్నది వయసులో ఉన్న మగవారు మాత్రమే, వారి చుట్టూ చావు లేదు. కరువులో ఆకలికి తోడు కలరా ఉంది, నిన్న కన్నుమూసిన పెద్దబిడ్డ ఉంది, అమ్ముకున్న ఎద్దులున్నాయి. పోలిక తక్కువగానే చెబుతోందనాలి. ఛాయాచిత్రంలోని తల్లి చూపును ప్రేమలేమిగా చదవడానికి మాత్రం ఇక ఆస్కారం లేదు.

5. కుటుంబం ఒకచోట ఉన్నప్పుడు

అదే కరువులో భిన్నంగా నడిచిన ప్రయత్నాలు కొన్ని కనిపిస్తాయి. వాటిలో మొదటిది కర్నూలు జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డిది. ధాత కరువులో ఆయన వేలాదిమందికి అన్నదానం చేశాడు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం అందుకున్నాడు. ఆయనపై జానపదగేయాలు రాయలసీమలో ఇప్పటికీ వినిపిస్తాయి. జానపదస్మృతిలో నిలిచిన వెంగళరెడ్డి ఇంటి వద్ద పని కొలత లేదు, అర్హతపరీక్ష లేదు. ఒక వ్యక్తి సంపద ఎంతమందికి సరిపోతుందన్న ప్రశ్న ఉండనే ఉంటుంది, దానధర్మం ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కాజాలదు. అయినా లక్షల రూపాయలు ఖర్చుచేసిన పాలకుల మీద ప్రజలు అలాంటి పాట కట్టలేదన్నది గమనార్హం.

రెండవది ఒంగోలు ప్రాంతానిది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకున్నాడు. ఇతర శిబిరాల్లో మేస్త్రీల చేతిలో అవమానాలు, దెబ్బలు తిన్న మాదిగ కుటుంబాలు అక్కడికి చేరాయి. అక్కడ పని చూసినవారు వారికి తెలిసిన బోధకులే. ఈ వృత్తాంతం ప్రధానంగా క్లౌ పక్షం నుండి వచ్చిందే కనుక జాగ్రత్తగా స్వీకరించాలి. 1878లో జరిగిన సామూహిక మతస్వీకారాల వల్ల దీనిపై చర్చంతా మతం చుట్టూనే తిరిగింది. కుటుంబంగా, ఊరివారితో కలిసి, భయం లేని చోట పనిచేయడం అన్న అంశం ఆ చర్చలో మరుగున పడింది.

మూడవది లండన్ మేయర్ ఆధ్వర్యంలో 1877లో పోగైన మాన్షన్ హౌస్ నిధి. మద్రాసులో దాని కార్యవర్గానికి గౌరవకార్యదర్శిగా పనిచేసిన పాత్రికేయుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు. వానలు పడ్డాక ఈ నిధి నుండి విత్తనాలకు, ఎద్దులకు, గుడిసెల కప్పులకు, బట్టలకు సొమ్ము అందింది. బట్టల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. ఒంటిమీద గుడ్డ లేక గుడిసె దాటి రాలేని స్త్రీ కూలికి వెళ్లలేదు, గంజికేంద్రానికీ రాలేదు. కొలతకు లొంగని ఇలాంటి చిన్న సాయమే ఒక తల్లిని తిరిగి తన ఇంటిలో తల్లిగా నిలబెట్టి ఉంటుందని నా ఊహ.

6. నియమావళులు, ఆ తరువాత

రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో తాత్కాలిక కరువు నియమావళి వచ్చింది. ప్రాణరక్షణ ప్రభుత్వ బాధ్యతగా లిఖితరూపం పొందడం చిన్న విషయమేమీ కాదు. జనం గుండెదిటవు గురించి అధికారికంగా మాట్లాడింది మాత్రం 1901 నాటి ఆంటొనీ మెక్‌డానెల్ కమిషన్. ముందే శిస్తు వాయిదావేసి, ముందే అప్పులిచ్చి, సాయం వస్తుందని ముందే ప్రకటిస్తే జనం ధైర్యం కోల్పోరని అది వాదించింది. దానికి ‘నైతికవ్యూహం’ అని పేరు పెట్టింది. కార్నిష్ ధాన్యం తూచాడు, మెక్‌డానెల్ ధైర్యాన్ని తూచబోయాడు. అతని దృష్టిలోనూ ఆ ధైర్యం రైతుది. భూమి లేని కూలితల్లి ఆ వ్యూహంలో అంచునే ఉండిపోయింది.

నాటి అనుమానానికి సౌమ్యరూపం నేటికీ కనిపిస్తుంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వచ్చి అక్కడే ఒకపూట భోజనం చేస్తారు. ఇంటికిస్తే తల్లి తాను తినక అందరికీ పంచుతుందన్నది దీని వెనక తర్కం. 1900లో తల్లి బిడ్డ తిండి తినేస్తుందన్నారు, ఇప్పుడు తన తిండి బిడ్డకు పెట్టేస్తుందంటున్నారు. ఈ మార్పును నేను ఆహ్వానిస్తున్నాను.

ఇలాంటి మార్పు రానిచోటు వేరే ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 421వ ఉత్తర్వు ప్రకారం, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50,000 రూపాయలు మంజూరయ్యేవి. అంతకుముందు ఆ మరణం నిజంగా సాగు అప్పుల వల్లనే జరిగిందని అధికారుల త్రిసభ్య సంఘం నిర్ధారించవలసి ఉండేది. ధాత కరువు ఖాళీ చేసిన నేలమీదనే, అనంతపురం జిల్లాలో, ఎందరో స్త్రీలు పిల్లలను వెంటబెట్టుకొని ఆ విచారణకు హాజరయ్యారు. వారు చూపవలసినవి పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు, పోలీసుల ప్రాథమిక నివేదిక, శవపరీక్ష నివేదిక. తండ్రి చనిపోయిన రాత్రి నుండి ఆ బిడ్డ నిద్రపోతున్నాడా అని అడిగే గడి ఆ దస్త్రంలో లేదు, తల్లి తింటున్నదా అని అడిగే గడీ లేదు.