ఆరంకెల వెనుక అరవై ఏళ్ల చదువు

జన్యు పరీక్ష రిపోర్టుల్లో జబ్బు పేరు పక్కన తరచుగా ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మార్ఫాన్ సిండ్రోమ్‌కు 154700, హీమోఫీలియా-ఎకు 306700. ఏ దేశపు డాక్టరు చూసినా ఆ సంఖ్యకు అర్థం ఒక్కటే. దాని పుట్టిల్లు ఓమిమ్. మనిషి జన్యువులనూ, వంశపారంపర్యంగా వచ్చే జబ్బులనూ కలిపి నమోదు చేసే ఆన్‌లైన్ గ్రంథం అది.

దీన్ని మొదలుపెట్టిన విక్టర్ మెక్యూసిక్ అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో గుండె వైద్యుడు. మార్ఫాన్ రోగుల్లో వేళ్లు పొడుగ్గా పెరగడం, కంటి కటకం పక్కకు జారడం, బృహద్ధమని ఉబ్బడం ఆయన చూశారు. ఒకదానితో ఒకటి పొంతన లేని ఈ బాధలన్నిటికీ మూలం ఒకే జన్యువులో ఉండాలన్న ఆలోచన ఆయన్ను పట్టుకుంది. 1957లో అక్కడే వైద్య జన్యుశాస్త్ర విభాగం తెరిచారు. బంగారంలాంటి గుండె వైద్యాన్ని చేజేతులా వదులుకుంటున్నాడని తోటివారు బాధపడ్డారు.

జాబితా రాసే పని 1960ల తొలినాళ్లలో ఎక్స్ క్రోమోజోమ్ మీది లక్షణాలతో మొదలైంది. తర్వాత ఆయన పెన్సిల్వేనియాలోని ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు కుటుంబాల దగ్గరికి వెళ్లారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఆ కుటుంబాల్లో, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందితేనే బయటపడే జబ్బులు కనిపించాయి. అలా అంతర్గత లక్షణాల జాబితా తయారైంది. ఒక్కరి నుంచి అందినా బయటపడే బహిర్గత లక్షణాలదీ చేర్చి, మూడింటినీ 1966లో 'మెండీలియన్ ఇన్హెరిటెన్స్ ఇన్ మ్యాన్' పేరుతో పుస్తకంగా వేశారు. అందులో ఉన్నవి దాదాపు 1,500 నమోదులు. కంప్యూటర్ అంటే గది నిండా యంత్రమైన ఆ రోజుల్లోనే ఈ జాబితాను కంప్యూటర్‌లో ఉంచడం మెక్యూసిక్ ముందుచూపు. పుస్తకం 12 ముద్రణలు పొందింది. 1998లో వచ్చిన చివరిది మూడు సంపుటాలు.

ఈలోగా 1987లోనే జాబితా ఆన్‌లైన్‌కు ఎక్కింది, 1995లో వెబ్‌లోకి వచ్చింది. మెక్యూసిక్ 2008లో కన్నుమూశారు. ఆడా హమోష్ నేతృత్వంలో హాప్కిన్స్ బృందం పని సాగించింది.

సంఖ్యలోని మొదటి అంకెకు అర్థముంది. 1 బహిర్గతం, 2 అంతర్గతం, 3 ఎక్స్ క్రోమోజోమ్, 4 వై క్రోమోజోమ్, 5 మైటోకాండ్రియా. 1994 మే తర్వాత చేరిన సాధారణ క్రోమోజోముల నమోదులన్నీ 6తో మొదలవుతాయి. జన్యువుకు ఒక సంఖ్య, జబ్బుకు వేరే సంఖ్య. మన మన్యం గిరిజన గూడేలను పీడిస్తున్న సికిల్ సెల్ రక్తహీనత 603903 అయితే, దానికి కారణమైన బీటా గ్లోబిన్ జన్యువు 141900. ఆ జన్యువు కింద నమోదు చేసిన ఒక్కో మార్పుకూ తోకలా మరో నాలుగంకెలు తగిలిస్తారు.

అంకెలు ఇవ్వడం తేలిక, నిలబెట్టడమే కష్టం. కొత్త పరిశోధన పత్రాలను రోజూ మనుషులు చదవాలి. ఈ మార్పే ఈ జబ్బుకు కారణమని చెప్పడానికి ఆధారం చాలునా అని తూచాలి. తేలినదాన్ని తమ మాటల్లో రాసి, ఎవరు ఎప్పుడు కనుగొన్నారో చెప్పాలి. రెండు జబ్బులనుకున్నవి ఒకటేనని తేలితే పాత నమోదును తీసేసి, ఎక్కడికి మార్చారో గుర్తు పెట్టాలి. కొత్త జన్యువును కనుగొన్నవారికి పేరొస్తుంది. ఇలా కూర్చుని సరిదిద్దేవారి పేర్లు బయట ఎవరికీ తెలియవు. నా దృష్టిలో ఈ రెండో పని మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. పరిశోధన నిధులు పంచేవారు ఈ సంగతి మరవకూడదు. కొత్త ప్రాజెక్టులకు దొరికినంత సులువుగా పాతవాటి నిర్వహణకు డబ్బు దొరకదు.

ఓమిమ్‌ను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అయితే అది వైద్యులకూ పరిశోధకులకూ రాసినది. మీ ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా ఆ ఆరంకెలు ఉంటే కాగితం జాగ్రత్త చేయండి. సొంతంగా చదివి బెంగపడకుండా జన్యు వైద్యులకు చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.